గణిత సాఫ్ట్‌వేర్ మొండికేసినప్పుడు: ప్రారంభ అమరికల దోషాలు, వాటి పరిష్కారం

మ్యాట్‌ల్యాబ్, ఆక్టేవ్, సైల్యాబ్, మాక్సిమా, ఆర్ వంటి గణన ప్రోగ్రాములు కంప్యూటర్‌లో ఉండి కూడా తెరుచుకోకపోవడం, తెరుచుకున్నా నిన్నటిదాకా వచ్చిన జవాబు ఇవాళ రాకపోవడం, గీత గీయమంటే తెల్లకిటికీ ఒకటి చూపి ఊరుకోవడం కళాశాలల ల్యాబుల్లో తరచూ ఎదురయ్యే ఇబ్బందులు. వీటన్నిటినీ కలిపి ప్రారంభ దోషాలు అనవచ్చు. ఇలాంటి సందర్భాల్లో చాలావరకు ప్రోగ్రాములో లోపమేమీ ఉండదు. తెరుచుకునేటప్పుడు అది చదివే చిన్న చిన్న అమరిక ఫైళ్లలోనో, ఫంక్షన్ల కోసం అది వెతికే ఫోల్డర్ల వరుసలోనో, విండోస్ దానికి అందించే సమాచారంలోనో తేడా వచ్చి ఉంటుంది. ఆ ఫైళ్లు ఎక్కువగా ప్రోగ్రామ్ ఫోల్డర్‌లో ఉండవు, వాడేవారి సొంత ఫోల్డర్‌లో ఉంటాయి. అందుకే ప్రోగ్రామును తీసేసి మళ్లీ వేసినా అదే ఎర్రర్ అక్కడే ఉంటుంది. తర్వాతి మెట్టుగా సిస్టం ఫార్మాట్ కొడతారు. దాంతో ఎర్రర్ పోతుంది, విద్యార్థుల రికార్డు ప్రోగ్రాములూ పోతాయి. ఈ రెండు పనులూ చివరి మార్గాలు కావాలి. మన ల్యాబుల్లో అవే మొదటి మార్గాలయ్యాయి.

ల్యాబుల పరిస్థితి

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా తెలంగాణలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కళాశాలల ల్యాబుల గురించి. సూర్యాపేట, కోదాడ హైదరాబాద్–విజయవాడ 65వ జాతీయ రహదారి మీద ఉన్న పట్టణాలు. బియ్యం మిల్లులకు పేరుపడ్డ మిర్యాలగూడ గుంటూరు వైపు వెళ్లే రైలు మార్గం మీద ఉంది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు మొదటి రెండూ కొత్త సూర్యాపేట జిల్లాలోకి వచ్చాయి, మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే ఉండిపోయింది. చదువుల లెక్కలో మాత్రం ఈ మూడూ ఒకే ప్రాంతం. డిగ్రీ కళాశాలలు 2007లో ఏర్పడిన నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం పరిధిలోకి వస్తాయి. కోదాడ దగ్గర అనంతగిరిలో ఉన్న అనురాగ్ ఇంజనీరింగ్ కళాశాల వంటివి జేఎన్‌టీయూ హైదరాబాద్ అనుబంధ సంస్థలు. ఆ విశ్వవిద్యాలయం ఈసీఈ విద్యార్థులకు పెట్టిన బేసిక్ సిమ్యులేషన్ ల్యాబ్‌లో మాత్రికల గణనతో మొదలై, సిగ్నళ్లు పుట్టించడం, గిబ్స్ దృగ్విషయాన్ని చూపడం దాకా ప్రయోగాలన్నీ మ్యాట్‌ల్యాబ్ లేదా దానికి సాటివచ్చే సాఫ్ట్‌వేర్‌లో చేయాలి. ప్రోగ్రామ్ తెరుచుకోని రోజున ఆ బ్యాచ్‌కు ప్రయోగం లేనట్టే.

చిన్న పట్టణాల ల్యాబుల్లో దోషాలు పుట్టడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. ఒకే సిస్టం ముందు పొద్దున ఒక బ్యాచ్, మధ్యాహ్నం ఇంకో బ్యాచ్ కూర్చుంటుంది. అందరికీ ఒకటే విండోస్ లాగిన్. ఎవరికి వారికి వేరు లాగిన్ ఉంటే ఒకరు మార్చిన అమరిక వారికే పరిమితమయ్యేది. ఇక్కడ ఒక విద్యార్థి దాచిన ఫైలు తర్వాత వచ్చే వారందరి మీదా పనిచేస్తుంది. దానికి తోడు పెన్‌డ్రైవ్‌లు, ఉన్నట్టుండి పోయే కరెంటు, పాత సిస్టంలు. మ్యాట్‌ల్యాబ్‌లో 32 బిట్ విండోస్ మీద నడిచిన చివరి విడుదల ఆర్2015బి. పాత 32 బిట్ విండోస్ ఉన్న సిస్టంలో ఆ తర్వాతి విడుదలలు వేయాలని ఎంత తంటాలు పడ్డా పని జరగదు. కాబట్టి ముందుగా చూసుకోవలసిన విషయం అదే.

తెరుచుకునేటప్పుడు జరిగేది

ఈ ప్రోగ్రాములన్నిటికీ ప్రారంభ ఫైలు అనే ఏర్పాటు ఉంది. అది యూనిక్స్ కాలం నుంచి వస్తున్న సంప్రదాయం. వాడేవారు ప్రతిసారీ చేయాలనుకున్న పనులను ఒక ఫైలులో రాసిపెడితే, ప్రోగ్రామ్ తెరుచుకోగానే వాటిని తనంతట తానే నడుపుతుంది. 1970ల చివర్లో క్లీవ్ మోలర్ విద్యార్థుల కోసం రాసి, 1984లో మ్యాథ్‌వర్క్స్ సంస్థ ద్వారా వ్యాపార ఉత్పత్తిగా వచ్చిన మ్యాట్‌ల్యాబ్‌లో ముందు మ్యాట్‌ల్యాబ్‌ఆర్‌సీ అనే సంస్థాగత ఫైలు నడుస్తుంది. ఆ తర్వాత స్టార్టప్ అనే పేరుతో ఎమ్ ఫైలు అది వెతికే ఫోల్డర్లలో ఎక్కడైనా దొరికితే అదీ నడుస్తుంది. ఫోల్డర్ల వరుస పాత్‌డెఫ్ అనే మరో ఫైలులో ఉంటుంది. అక్షరాల సైజు, కిటికీల అమరిక వంటివి యాప్‌డేటా లోపల ఒక్కో విడుదలకు ఒక్కో ఫోల్డర్‌గా ఉంటాయి. కొత్త విడుదల వేసినప్పుడు పాత విడుదల అమరికలను మ్యాట్‌ల్యాబ్ కొత్తదానికి తెచ్చుకుంటుంది. పాతదాంట్లో పాడైన అమరిక ఉంటే అది కూడా వెంట వస్తుంది. కొత్త వెర్షన్ వేసినా అదే గోల అని ల్యాబ్ అసిస్టెంట్లు తల పట్టుకోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

జాన్ ఈటన్ 1992లో మొదలుపెట్టిన ఆక్టేవ్‌లో ఈ పని ఆక్టేవ్‌ఆర్‌సీ ఫైళ్లది. ప్రోగ్రామ్ ఫోల్డర్‌లో ఒకటి ఉంటుంది, వాడేవారి ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే పేరుతో ఒకటి ఉండవచ్చు, పనిచేస్తున్న ఫోల్డర్‌లో ఇంకొకటి కూడా ఉండవచ్చు. ఫ్రాన్స్‌లోని ఇన్రియా పరిశోధన సంస్థలో పుట్టిన సైల్యాబ్ తన సొంత ఫోల్డర్‌ను సై‌హోమ్ అంటుంది. అందులో సైల్యాబ్.ఐఎన్ఐ ఫైలు ఉంటే దాన్ని నడుపుతుంది. మాక్సిమాకు మాక్సిమా-ఇనిట్, సేజ్‌మ్యాథ్‌కు ఇనిట్.సేజ్ ఉన్నాయి. ఆర్ విషయంలో ఆర్‌ప్రొఫైల్‌తో పాటు ఇంకో చిక్కుంది. పోయినసారి మూసేటప్పుడు దాచిన ఆర్‌డేటా ఫైలును మళ్లీ తెరుచుకోగానే లోపలికి తెచ్చుకుంటుంది. ముందు కూర్చున్న విద్యార్థి టీ అనే అక్షరానికి సున్నా విలువ ఇచ్చి దాచి వెళ్లాడనుకుందాం. ఆర్‌లో ఆ అక్షరం నిజం అనే విలువకు పొట్టి రూపం. తర్వాత వచ్చినవారి లెక్కల్లో ఆ పొట్టి రూపం వాడినవి ఏ ఎర్రర్ లేకుండానే తప్పవచ్చు. నా దృష్టిలో తెరుచుకోని ప్రోగ్రామ్ కంటే ఇదే ప్రమాదం, ఎందుకంటే తప్పు జరిగిందని చెప్పే గుర్తే ఉండదు.

అమరికలు లేకుండా తెరవడం

పరిష్కారంలో మొదటి మెట్టు, సొంత అమరికలేవీ చదవకుండా ప్రోగ్రామును ఒకసారి తెరిచి చూడటం. దీనికి చాలా ప్రోగ్రాముల్లో వీలుంది. ఆక్టేవ్‌ను కమాండ్ ప్రాంప్ట్ నుంచి పిలిచేటప్పుడు రెండు హైఫన్లు పెట్టి నోఆర్‌సీ అని జోడిస్తే ఏ ప్రారంభ ఫైలునూ ముట్టుకోదు. ఆర్‌కు వెనిల్లా అనే మాట చేరిస్తే పాత ఆర్‌డేటాను కూడా వదిలేస్తుంది. సైల్యాబ్‌కు నోయూజర్‌స్టార్టప్ ఉంది. అదనంగా దించుకున్న మాడ్యూళ్ల మీద అనుమానముంటే నోఆటమ్స్ఆటోలోడ్ అని చేర్చవచ్చు. మ్యాథమెటికాను తెరిచేటప్పుడు కంట్రోల్, షిఫ్ట్ మీటలు రెండూ నొక్కిపట్టుకుంటే మొదటి అమరికలకు వెళ్లిపోతుంది. ఇలా తెరిచినప్పుడు అంతా సవ్యంగా ఉంటే ప్రోగ్రామ్ బాగున్నట్టే, లోపం వాడేవారి ఫైళ్లలో ఉన్నట్టే. అప్పుడు మళ్లీ ఇన్‌స్టాల్ చేయవలసిన పని లేదు.

రెండో మెట్టు పేరు మార్చడం. ప్రోగ్రామును మూసి, దాని అమరికల ఫోల్డర్ పేరు చివర పాతది అని చేర్చి మళ్లీ తెరవాలి. ఫోల్డర్ కనబడకపోతే ప్రోగ్రామ్ కొత్త ఫోల్డర్‌ను తానే తయారు చేసుకుంటుంది. మ్యాట్‌ల్యాబ్‌లో ఆ ఫోల్డర్ ఎక్కడుందో ప్రిఫ్‌డిర్ అనే ఆదేశం చెబుతుంది. సైల్యాబ్‌లో కిటికీలు కలగాపులగమై కన్సోల్ కనబడకుండా పోయినప్పుడు సై‌హోమ్‌లోని విండోస్‌కాన్ఫిగరేషన్ అనే ఎక్స్ఎమ్ఎల్ ఫైలు ఒక్కదాన్ని పక్కకు తీస్తే సరిపోతుంది. తుడిచేయకుండా పేరు మార్చమనడానికి కారణం ఉంది. అందులో ఎవరో అవసరంగా పెట్టుకున్న అమరికలు ఉండవచ్చు. దోషం తేలాక ఒక్కొక్క ఫైలునూ తిరిగి పెట్టుకుంటూ ఏ ఫైలుతో మళ్లీ మొరాయిస్తుందో చూడవచ్చు. సగం సగం చొప్పున తిరిగి పెడితే ఇంకా త్వరగా తేలుతుంది.

కొన్ని ల్యాబుల్లో రీస్టార్ట్ చేయగానే సిస్టంను పాత స్థితికి తెచ్చే సాఫ్ట్‌వేర్ వేసి ఉంటుంది. అలాంటి చోట దోషాన్ని సరిచేసి వెళ్లినా మర్నాడు మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ముందు ఆ రక్షణను ఆపి, అమరికను సరిచేసి, తిరిగి రక్షణ పెట్టాలి.

ఒకే పేరు గల రెండు ఫైళ్లు

ఈ మూడు పట్టణాల్లోనే కాదు, ఎక్కడి ల్యాబ్‌లోనైనా అన్నిటికంటే ఎక్కువ మందిని తిప్పలు పెట్టే దోషం ఇది. ప్రయోగం అనే ఇంగ్లీషు మాటను రికార్డులో పొట్టిగా ఈఎక్స్‌పీ అని రాయడం అలవాటు. అదే పేరుతో విద్యార్థి తన ప్రోగ్రామును ఈఎక్స్‌పీ.ఎమ్ అని దాస్తాడు. మ్యాట్‌ల్యాబ్‌లోనూ ఆక్టేవ్‌లోనూ ఆ పేరుతో ఘాతీయ ఫలాన్ని లెక్కగట్టే అసలు ఫంక్షన్ ఉంది. ఇప్పుడు ఘాతీయ సిగ్నల్ గీయమంటే ప్రోగ్రామ్ అసలు ఫంక్షన్‌ను వదిలి విద్యార్థి ఫైలును నడుపుతుంది. ఒకే వీధిలో ఒకే పేరున్న ఇద్దరుంటే పోస్ట్‌మాన్‌కు ముందు ఎదురైన ఇంట్లోనే ఉత్తరం పడినట్టు, ఫోల్డర్ల వరుసలో ముందున్నదే గెలుస్తుంది. మ్యాట్‌ల్యాబ్ డాక్యుమెంట్స్‌లో మ్యాట్‌ల్యాబ్ పేరుతో ఉన్న ఫోల్డర్‌ను ఆ వరుసలో పైన పెడుతుంది. ఈఎక్స్‌పీ.ఎమ్ అక్కడ పడితే ఆ లాగిన్‌తో ఎవరు కూర్చున్నా ఘాతీయ ఫలం తప్పుతుంది. ప్లాట్, సమ్, మీన్, టెస్ట్ అనే పేర్లతోనూ ఇదే జరుగుతుంది.

దీన్ని పట్టుకోవడానికి విచ్ అనే ఆదేశం ఉంది. మ్యాట్‌ల్యాబ్‌లో దానికి హైఫన్‌తో ఆల్ చేర్చి ఫంక్షన్ పేరిస్తే, ఆ పేరుతో ఉన్నవన్నీ ఏ ఫోల్డర్లలో ఉన్నాయో వరుసగా చూపుతుంది. మొదటి వరుసలో ప్రోగ్రామ్ ఫోల్డర్ కాక డాక్యుమెంట్స్ ఫోల్డరో పెన్‌డ్రైవో కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఆ ఫైలు పేరు మార్చాలి. ఫోల్డర్ల వరుసే కలగాపులగమై ఉంటే మ్యాట్‌ల్యాబ్‌లో రీస్టోర్‌డిఫాల్ట్‌పాత్ అనే ఆదేశం దాన్ని మొదటి స్థితికి తెస్తుంది. పైథాన్ వాడేవారికి కూడా ఇదే హెచ్చరిక. తమ ఫైలుకు నమ్‌పై అనో ర్యాండమ్ అనో పేరు పెడితే, ఇంపోర్ట్ చేసినప్పుడు అసలు లైబ్రరీకి బదులు ఆ ఫైలే వస్తుంది. పైథాన్ వేరుగా, అనకొండ వేరుగా వేసిన సిస్టంలో ఏది నడుస్తోందో తెలుసుకోవడానికి కమాండ్ ప్రాంప్ట్‌లో వేర్ అనే ఆదేశం చాలు.

ఈసీఈ ల్యాబుల్లో ఇలాంటిదే మరొకటి కనిపిస్తుంది. వీఎల్‌ఎస్‌ఐ సాఫ్ట్‌వేర్లలో కొన్ని తమ లైసెన్సు సర్వర్ చిరునామాను ఎల్ఎమ్_లైసెన్స్_ఫైల్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో రాస్తాయి. మ్యాట్‌ల్యాబ్ కూడా దాన్ని చదువుతుంది. ఆ సర్వర్‌ను ఏనాడో తీసేసి ఉంటే, లేని సర్వర్ కోసం ఎదురుచూస్తూ మ్యాట్‌ల్యాబ్ తెరుచుకోవడానికి ఎంతో సమయం తీసుకుంటుంది. సిస్టం నెమ్మదించిందని ర్యామ్ కొనే ముందు ఆ ఒక్క వేరియబుల్ చూడటం మేలు.

తెలుగు పేర్లు, మన అంకెలు

విండోస్ వేసేటప్పుడు వాడేవారి పేరు తెలుగు లిపిలో ఇస్తే సొంత ఫోల్డర్ పేరు కూడా తెలుగులోనే ఏర్పడవచ్చు. మన భాష అలా కనిపిస్తే సంతోషమే. కానీ విండోస్‌లో తెలుగుకు పాత తరహా కోడ్ పేజీ లేనేలేదు, యూనికోడ్ ఒక్కటే ఆధారం. పాత పద్ధతిలో ఫైళ్లు తెరిచే గణిత ప్రోగ్రాములకు ఆ పేరు ప్రశ్నార్థకాల వరుసగా కనిపిస్తుంది, తమ అమరికల ఫోల్డర్ తమకే దొరకదు. ఆర్ మాత్రం 2022 ఏప్రిల్‌లో వచ్చిన 4.2 నుంచి విండోస్‌లో కూడా యూటీఎఫ్-8 వాడుతోంది. మిగతావాటికి తేలిక మార్గం, ఇంగ్లీషు అక్షరాలతో, ఖాళీలు లేని పేరుతో ఇంకో విండోస్ ఖాతా తెరవడం. ఉన్న ఖాతా పేరును కంట్రోల్ ప్యానెల్‌లో మార్చినా ఫోల్డర్ పేరు మారదు.

ప్రారంభ ఫైలును నోట్‌ప్యాడ్‌లో రాసేవారు రెండు విషయాలు గమనించాలి. విండోస్ ఫైలు పొడిగింపులను దాచిపెడుతుంది కాబట్టి ఆక్టేవ్‌ఆర్‌సీ అని దాచామనుకున్న ఫైలు చివర టీఎక్స్‌టీ చేరి ఉంటుంది, ఆక్టేవ్ దాన్ని పట్టించుకోదు. రెండోది, పాత నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8 ఎంచుకుంటే ఫైలు మొదట్లో కంటికి కనబడని గుర్తు ఒకటి చేరేది. మొదటి వరుసలోనే ఎర్రర్ చూపి, ఆ వరుసలో తప్పేమీ కనబడకపోతే దాన్నే అనుమానించాలి.

అంకెల సంగతి మన ప్రాంతానికి మరీ సొంతం. మిర్యాలగూడ మిల్లుల ధాన్యం లెక్కల మీద ప్రాజెక్టు చేసే విద్యార్థి ఎక్సెల్‌లో లక్షా పాతికవేలను 1,25,000 అని కామాలతో పెడతాడు. దాన్ని సీఎస్‌వీగా దాచి ఆర్‌లోకి తెస్తే అది అంకెగా రాదు, అక్షరాలుగా వస్తుంది. మ్యాట్‌ల్యాబ్‌లోనో ఆక్టేవ్‌లోనో చదరపు కుండలీకరణాల్లో 1,25,000 అని కొడితే 1, 25, 0 అనే మూడు అంకెల వరుస తయారవుతుంది. సాఫ్ట్‌వేర్ పాడైందనుకుని ఇక్కడ ఏది మళ్లీ వేసినా ప్రయోజనం ఉండదు. ఎక్సెల్‌లో ఆ నిలువు వరుసను కామాలు లేని మామూలు అంకెలుగా మార్చి దాచాలి. తేదీల్లో కూడా రోజు ముందా నెల ముందా అన్నది ప్రోగ్రాముకు స్పష్టంగా చెప్పాలి.

కరెంటు, గడియారం, లైసెన్సు

ప్రోగ్రామ్ మూసుకుంటూ అమరికలు రాస్తున్న క్షణంలో కరెంటు పోతే ఆ ఫైలు సగంలో ఆగుతుంది, ఒక్కోసారి సున్నా బైట్లతో మిగులుతుంది. మర్నాడు ప్రోగ్రామ్ తెరుచుకున్నట్టే కనబడి మాయమవుతుంది. అమరికల ఫోల్డర్‌ను తేదీ ప్రకారం పేర్చి చూస్తే సున్నా సైజు ఫైలు బయటపడుతుంది. పైన చెప్పినట్టు పేరు మార్చడమే దీనికి మందు.

మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయిన సిస్టంలకు పాత ల్యాబుల్లో కొదవ లేదు. కరెంటు పోయి వచ్చేసరికి వాటి గడియారం ఏళ్ల వెనక్కి వెళ్తుంది. అప్పుడు మ్యాట్‌ల్యాబ్ లైసెన్సు వ్యవస్థ గడియారాన్ని ఎవరో వెనక్కి తిప్పారని -88 ఎర్రర్ ఇస్తుంది. తేదీ తప్పితే ఇంటర్నెట్ భద్రతా పత్రాలు చెల్లవు గనుక ఆక్టేవ్ ప్యాకేజీలు, పైథాన్ లైబ్రరీలు దిగవు. కొన్ని పదుల రూపాయల బ్యాటరీతో తీరే దోషం ఇది. లైసెన్సు ఎర్రర్ల సంఖ్యలను కంగారు పడకుండా చదవాలి. -15 అంటే సర్వర్ అందడం లేదు, వైరు, ఫైర్‌వాల్ చూడాలి. -4 అంటే అనుమతించినంత మంది ఇప్పటికే వాడుతున్నారు, ఎవరో ఒకరు మూసేదాకా ఆగాలి. -10 అంటే గడువు ముగిసింది. -9 అయితే ఆ లైసెన్సు ఈ సిస్టంకు లేదా ఈ పేరుకు ఇచ్చింది కాదు. వీటిలో ఒక్కటి కూడా మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే పోయేది కాదు.

మాక్సిమా కిటికీ రూపమైన డబ్ల్యూఎక్స్‌మాక్సిమా లోపలి గణన యంత్రంతో అదే సిస్టంలో నెట్‌వర్క్ పద్ధతిలోనే మాట్లాడుతుంది. యాంటీవైరస్ లేదా ఫైర్‌వాల్ దాన్ని అడ్డుకుంటే, తెరుచుకుని కూడా జవాబివ్వదు. ఫైర్‌వాల్‌లో అనుమతి ఇవ్వాలి. ఆక్టేవ్‌లో బొమ్మలు తెల్లగా వస్తే పాత గ్రాఫిక్స్ డ్రైవర్ కారణం కావచ్చు. గ్రాఫిక్స్_టూల్‌కిట్ ఆదేశంతో గ్నూప్లాట్‌కు మారి చూడాలి, పనిచేస్తే ఆ వరుసనే ఆక్టేవ్‌ఆర్‌సీలో రాసుకోవాలి.

క్రాక్ వేసిన కాపీల గురించి దాచకుండా చెప్పాలి. విద్యార్థుల ల్యాప్‌టాప్‌లలో అవి ఉన్నాయి. వాటిలో కొన్ని ఫైళ్లను యాంటీవైరస్ పట్టుకుపోతుంది, క్రాక్ మార్చిన హోస్ట్స్ ఫైలు మిగతా ప్రోగ్రాములను కూడా కొన్ని సైట్లకు వెళ్లనివ్వదు. అలాంటి కాపీ మొరాయిస్తే దోషం ఎక్కడుందో తేల్చే ఆధారమే ఉండదు, ఎందుకంటే అసలు ప్రోగ్రామ్ ఏదో ఎవరికీ తెలియదు. అది చట్టవిరుద్ధం కూడా. బేసిక్ సిమ్యులేషన్ ల్యాబ్ ప్రయోగాలకు ఆక్టేవ్ చాలు. ఫిల్టర్ల వంటి వాటికి ప్యాకేజ్ లోడ్ సిగ్నల్ అనే వరుస కావాలి. విండోస్ ఇన్‌స్టాలర్‌తో పాటే ఆ ప్యాకేజీ వస్తుంది. ఆ ఒక్క వరుసను ప్రారంభ ఫైలులో పెడితే ఫంక్షన్ లేదనే ఫిర్యాదు రాదు.

తెలుగులో నేర్చుకోవాలనుకునేవారికి ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు ఉచిత పాఠాలు తెలుగు గొంతుతోనూ దొరుకుతాయి. అదే సంస్థలోని ఫాసీ ప్రాజెక్టు, పాఠ్యపుస్తకాల్లోని లెక్కలకు విద్యార్థులు రాసిన సైల్యాబ్ ప్రోగ్రాములను అందరికీ అందుబాటులో ఉంచింది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ కూడా ఇంజనీరింగ్ కళాశాలల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడకాన్ని ప్రోత్సహిస్తోంది.

ల్యాబ్ బాధ్యులకు ఒక విన్నపం. ప్రతి విద్యార్థికీ కాకపోయినా కనీసం ప్రతి బ్యాచ్‌కు ఒక విండోస్ లాగిన్ ఇవ్వండి. అమరికలు చదవకుండా ప్రోగ్రామును తెరిచే షార్ట్‌కట్ ఒకటి ప్రతి సిస్టం డెస్క్‌టాప్ మీద ఉంచండి. ఫార్మాట్ కొట్టే ముందు ఒకసారి దాన్ని నొక్కి చూడండి.